పెద్ద ఎయిర్‌పోర్టులో దారి తెలియకపోతే: కడప నుంచి పోయేవాళ్లకు సమస్య - పరిష్కారం

“అన్నా, బోర్డులో మన ఫ్లైటు కనపడ్డంల్యా.” దోహా నుంచో దుబాయ్ నుంచో ఈ మాట ఫోన్లో వినని వారం నాకు ఉండదు. కడపలో టికెట్లు తీసే పని నాది. అంతకుముందు ఆరేళ్లు కువైట్‌లో ఉన్నా. రాజంపేట, రాయచోటి, బద్వేలు, పులివెందుల వైపు నుంచి గల్ఫ్‌కు పనికి పోయే పిల్లోళ్లు, అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో పోయే పెద్దవాళ్లు టికెట్టుతోపాటు నా నంబరు కూడా జేబులో పెట్టుకుని పోతారు. ఫోన్ వచ్చినప్పుడల్లా అవతల ఏమైంది, ఎందుకైంది, ఏం చెబితే తేలింది అని ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చినా. ఇవన్నీ ఆ బుక్కులోవే.

ఒకమాట ముందే చెప్తా. ఇంగ్లీషు రాక దారి తప్పినవాళ్లు నా బుక్కులో తక్కువ. గుంపు వెనకాల నడిచి తప్పినవాళ్లే ఎక్కువ. వాళ్లలో బీటెక్ చదివినవాళ్లూ ఉన్నారు. అందుకే ఫ్లైటు దిగగానే నడక మొదలుపెట్టొద్దు. పక్కకు జరిగి గోడ దగ్గర నిలబడి, చేతిలో ఉన్న బోర్డింగ్ పాస్ చూడండి. మీరు పోవాల్సింది ఎక్కడికో తేలినాకే కాలు కదపండి.

“ఎయిర్‌పోర్టుకు వస్తే, మీ ఫ్లైటు నిన్ననే పోయిందంటున్నారు”

కారణం: అర్ధరాత్రి తేదీ. మన ప్రాంతం నుంచి గల్ఫ్‌కు, అమెరికాకు పోయే ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి దాటినాకే లేస్తాయి. టికెట్టులో 12వ తేదీ 00:40 అని ఉంటే, అది 11వ తేదీ రాత్రి మనం అన్నం తిని పడుకునే వేళ తర్వాత వచ్చే 12:40. మన లెక్కలో తెల్లారితేనే తేదీ మారుతుంది, వాళ్ల లెక్కలో రాత్రి 12కే మారిపోతుంది. 12వ తేదీ సాయంత్రం కారు మాట్లాడుకుని, బంధువులందరికీ భోజనాలు పెట్టి, రాత్రి పదికి ఎయిర్‌పోర్టులో దిగిన కుటుంబాన్ని నేను చూసినా. వాళ్ల ఫ్లైటు పోయి అప్పటికి 21 గంటలు దాటింది.

ఏం చేయాలంటే, లెక్క వెనకనుంచి వేయండి. చెన్నైలో 12వ తేదీ 04:10కి ఫ్లైటు అనుకుందాం. నాలుగు గంటల ముందు అక్కడ ఉండాలంటే అర్ధరాత్రి 12:10. చాలా కంపెనీలు ఫ్లైటు టైముకు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి కాబట్టి ఈ నాలుగు గంటల్లో కోత పెట్టొద్దు. కడప నుంచి రోడ్డు మీద ఆరేడు గంటలు, మధ్యలో భోజనం, టైరు పంచరు అన్నీ కలుపుకుంటే 11వ తేదీ సాయంత్రం నాలుగు, నాలుగున్నరకల్లా ఇంటి గడప దాటాలి. క్యాలెండర్లో 12 చుట్టూ కాకుండా 11 చుట్టూ ఎర్రపెన్నుతో గుండ్రం గీయండి.

అనంతపురం వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. బెంగళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, 44వ నంబరు హైవే మీద, ఊరు రాకముందే వస్తుంది. కర్నూలు వాళ్లకు శంషాబాద్ కూడా అంతే, హైదరాబాద్‌కు ఇవతలే. అయితే బెంగళూరులో ఫారిన్ ఫ్లైట్లన్నీ 2023 సెప్టెంబరు నుంచి టెర్మినల్ 2లో ఉన్నాయి. డ్రైవరు పాత అలవాటు కొద్దీ టెర్మినల్ 1 దగ్గర దింపుతాడు. ఎక్కేటప్పుడే చెప్పి పెట్టండి.

“టికెట్లో పేరు, పాస్‌పోర్టులో పేరు కలవడం లేదంట”

మన ఇంటిపేర్ల తంటా ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు రెండో గడిలో రాయించుకున్నవాళ్లు మన జిల్లాలో బోలెడుమంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో రూలు పెట్టింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. అమెరికా వీసాలో ఇలాంటివాళ్లకు పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు వేస్తారు. పేరు తెలియదు అని దాని అర్థం. దాన్ని చూసి వీసా తప్పుగా కొట్టినారని భయపడొద్దు.

టికెట్టు తీసేటప్పుడు ఆధార్ ఫొటో పంపొద్దు. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ పంపండి. ఒక అక్షరం తేడా ఉన్నా ఇంటి దగ్గర ఉన్నప్పుడే కంపెనీకి చెప్పి దిద్దించుకోవాలి. కౌంటర్ దగ్గర చేయించడం కష్టం. పేరు పొడుగై బోర్డింగ్ పాస్ మీద చివర్లో కోసుకుపోయి ఉంటే మాత్రం అది తప్పు కాదు, స్థలం చాలక అంతే.

“దిగినాం. అందరూ ఒకపక్కకు పోతాండారు. మేం యాడికి పోవాల?”

నాకొచ్చే ఫోన్లలో ఇదే పెద్దది. దుబాయ్, దోహా, అబుదాబి, ఫ్రాంక్‌ఫర్ట్, ఎక్కడైనా సరే, ఫ్లైటు దిగినాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి అరైవల్స్, అంటే ఆ ఊర్లో దిగిపోయేవాళ్ల దారి. అక్కడ ఇమిగ్రేషన్ (పాస్‌పోర్టు, వీసా చూసే చోటు), సంచులు, బయటికి పోయే తలుపు ఉంటాయి. రెండోది ట్రాన్స్‌ఫర్స్. కొన్నిచోట్ల దాన్నే కనెక్షన్స్ అని రాస్తారు. ఇంకో ఫ్లైటు ఎక్కేవాళ్లు ఇటు పోవాలి. మీరు వచ్చిన ఫ్లైటులో సగం మంది అటు, సగం మంది ఇటు. ఎవరి వెనకాల పోతే మీ దారి దొరుకుతుందో చెప్పలేం.

2009లో మొదటిసారి కువైట్ పోయినప్పుడు నేనే ఇట్ల పోయినా. మధ్యలో ఒక గల్ఫ్ ఎయిర్‌పోర్టులో మారాలి, చేతిలో రెండు గంటల టైముంది. పక్క సీటాయన తెలుగువాడు, ధైర్యంగా నడుస్తున్నాడు, ఆయన వెనకాలే పోయినా. ఆయన పనిచేసేది ఆ ఊర్లోనేనని నాకు తోచలేదు. గంటకు పైగా క్యూలో నిలబడి అద్దం ముందుకు పోతే, లోపలున్న ఆఫీసరు నా పాస్‌పోర్టు పేజీలు తిప్పి, వీసా ఆ దేశానిది కాదని చూసి, వెనక్కి చెయ్యి చూపించినాడు. వెనక్కి వచ్చి, ట్రాన్స్‌ఫర్ దారి పట్టి, మళ్లీ బెల్టు తీసి, చెప్పులు తీసి, సంచి మిషన్లో పెట్టి, పరిగెత్తుకుంటూ గేటు చేరేసరికి తలుపు మూసేసినారు. అద్దంలోంచి ఫ్లైటు కనపడుతూనే ఉంది. తర్వాతి ఫ్లైటు తొమ్మిది గంటల తర్వాతే.

కాబట్టి, మధ్యలో మారేవాళ్లు ఆ దేశపు ఇమిగ్రేషన్ క్యూలో మామూలుగా నిలబడక్కర్లేదు. సంచుల బెల్టు బొమ్మ, సూట్‌కేసు బొమ్మ ఉన్న బోర్డులు మీవి కావు. ట్రాన్స్‌ఫర్స్ అన్న మాట, పక్కన విమానం బొమ్మ ఉన్న బోర్డు మీది. లండన్ హీత్రూలో ఈ బోర్డులు ఊదారంగులో ఉంటాయి, ఆ రంగు పట్టుకుని నడవడమే. చదవలేనివాళ్లు బోర్డింగ్ పాస్‌ను యూనిఫాం వేసుకున్నవాళ్లకు చూపిస్తే చాలు, మాట అక్కర్లేదు. యూనిఫాం లేనివాళ్లను అడగొద్దు. వాళ్లకూ తెలియకపోవచ్చు, అయినా మర్యాదకు ఏదో ఒక దారి చూపించేస్తారు.

ఈ దారిలో మళ్లీ ఒక సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది. మన ఎయిర్‌పోర్టులో లోపల కొన్న నీళ్లబాటిలైనా ఇక్కడ పారేయాలి. దోహాలో ఇది దాటి లోపలికి వస్తే నడిమధ్యన పసుపుపచ్చ టెడ్డీబేర్ బొమ్మ, ఇంత ఇల్లంత ఎత్తున, కూర్చుని ఉంటుంది. దాన్ని గుర్తుగా పెట్టుకోండి. ఇద్దరు విడిపోతే కలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

“బోర్డులో మా ఫ్లైటు లేదు”

దీనికి నాలుగైదు కారణాలున్నాయి. నేను ఫోన్లో ఈ వరసలోనే అడుగుతా.

మీరు చూస్తున్నది డిపార్చర్స్ బోర్డేనా? వచ్చే ఫ్లైట్ల బోర్డు ముందు అరగంట నిలబడినవాళ్లున్నారు. మీరు వెతుకుతున్నది ఊరి పేరా, ఫ్లైటు నంబరా? ఒకే ఊరికి ఒకే గంటలో మూడు ఫ్లైట్లుండొచ్చు. గల్ఫ్‌లో బోర్డు కాసేపు అరబ్బీలో, కాసేపు ఇంగ్లీషులో మారుతూ ఉంటుంది కాబట్టి ఊరి పేరు చదివేలోపే మాయమవుతుంది. నంబరు పట్టుకోండి. రెండక్షరాలు, వెనక మూడో నాలుగో అంకెలు. కొన్ని ఫ్లైట్లకు రెండు కంపెనీల నంబర్లుంటాయి, బోర్డు మీద అవి మారుతూ పడతాయి, రెండు నిమిషాలు కదలకుండా చూడాలి. మీ ఫ్లైటుకు ఇంకా ఎనిమిది గంటలుందా? అయితే బోర్డు మీదికి ఇంకా రాలేదు, కూర్చోండి.

వీటన్నిటికీ సరేనంటే చివరిగా టైము అడుగుతా. ఫోన్లో టైమెంతుంది? చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దోహా, కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, అబుదాబి గంటన్నర వెనక. మన సిమ్ముకు అక్కడ నెట్‌వర్క్ లేకపోతే ఫోన్ ఇండియా టైమే చూపిస్తూ ఉంటుంది. టికెట్టులో టైము మాత్రం ఎప్పుడూ ఆ ఊరి టైమే. దోహాలో బోర్డింగ్ 5:10కి అయితే ఫోన్లో 6:30 చూసి, ఫ్లైటు తప్పిపోయిందని ఏడ్చిన ఆడపిల్ల ఉంది. అప్పుడు అక్కడ నాలుగే. ఆమెకేం నష్టం జరగలేదు. దీనికి ఎదురుది ప్రమాదం. కువైట్ నుంచి దుబాయ్ మీదుగా ఇంటికి వచ్చేవాళ్ల ఫోన్లో కువైట్ టైముంటుంది, దుబాయ్ అంతకంటే గంట ముందుంటుంది. ఇంకా గంట ఉందిలే అని కూర్చుంటే ఫ్లైటు పోతుంది. ఫోన్ చూడొద్దు, గోడ మీద బోర్డుపై మూలలో ఉండే టైము చూడండి.

“గేటు దొరకలేదు” / “గేటు దగ్గర ఎవరూ లేరు”

రాజంపేట అబ్బాయి ఒకడు గేటు 34-కే కోసం అరగంట తిరిగినాడు. 34-కే అన్నది అతని సీటు నంబరు. బోర్డింగ్ పాస్ మీద అంత చిన్న కాగితంలో తేదీ, ఫ్లైటు నంబరు, గేటు, బోర్డింగ్ టైము, సీటు, గ్రూపు, వరస నంబరు అన్నీ కుక్కేసి ఉంటాయి. అందుకే కౌంటర్‌లో పాస్ చేతికి రాగానే ఆ అమ్మాయిని అడిగి గేటు, బోర్డింగ్ టైము ఈ రెండింటి చుట్టూ పెన్నుతో గుండ్రం గీయించుకోండి. సీటులో అంకె ముందు, అక్షరం వెనక ఉంటుంది. దుబాయ్, దోహాల్లో గేటుకు అక్షరం ముందు, అంకె వెనక. ఇది గుర్తుంటే చాలు. రెండో ఫ్లైటుకు గేటు గడి ఖాళీగా ఉంటే అది మామూలే, అక్కడికి పోయినాక బోర్డులో చూడాలి.

ఆ అక్షరమే మీరు పోవాల్సిన భవనం. దుబాయ్ టెర్మినల్ 3లో ఏ, బీ, సీ మూడున్నాయి. ఏ గేట్లకు లోపలే రైలెక్కి పోవాలి. టెర్మినల్ 2 రన్‌వేకు అవతలి పక్క, అక్కడికి బస్సు. దోహాలో ఏ నుంచి ఈ దాకా ఉన్నాయి, దూరపు గేట్లకు లోపల చిన్న రైలుంది. ఏదైనా సరే, గేటు తెలిసినాక ముందు అక్కడికి పోయి చూసి రండి. కాఫీలు, షాపులు, బాత్రూములు ఆ తర్వాత. రైలు, నడక కలిపి ఇరవై, ముప్పై నిమిషాలు పట్టే గేట్లున్నాయి.

గేటు దగ్గర ఎవరూ లేకపోతే రెండే కారణాలు. ఒకటి, మీరు బాగా ముందొచ్చినారు. రెండు, గేటు మారింది. మన బస్టాండులో మాదిరి మైకులో పిలుస్తారని కూర్చోవద్దు. దుబాయ్‌లో బోర్డింగ్‌కు పిలవరు, చాలా పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఇదే పద్ధతి. గేటు మారితే బోర్డులో మారుతుంది, అంతే. అరగంటకోసారి లేచి బోర్డు చూసి రావాలి. ఇద్దరుంటే వంతులేసుకోండి. ఫ్లైటు లేచే టైము వేరు, గేటు మూసే టైము వేరు. పదిహేను, ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. ఒకసారి మూసినాక బతిమాలినా తీయరు.

“అమెరికాలో దిగినాం, సంచులు డాలస్ దాకా వస్తాయన్నారు కదా, ఇక్కడే తీసుకోమంటున్నారు”

తీసుకోవాలి. అమెరికాలో మీరు మొదట దిగే ఊర్లోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అయిపోవాలన్నది వాళ్ల పద్ధతి. సంచి ట్యాగ్ మీద డాలస్ అని ఉన్నా, మీరు చికాగోలో మొదట దిగితే చికాగోలోనే బెల్టు మీద నుంచి సంచులు ఎత్తుకుని, కస్టమ్స్ దాటి, తలుపు బయట రీచెక్ అని ఉండే చోట మళ్లీ అప్పజెప్పాలి. మళ్లీ బరువు తూచరు, ట్యాగ్ ఉంటే సంచిని అట్లే బెల్టు మీద వేస్తారు. ఇది తెలియక చేతులూపుకుంటూ తర్వాతి ఫ్లైటు ఎక్కేసిన పెద్దవాళ్ల సంచులు మూడోరోజు ఇంటికొచ్చినాయి. అబుదాబి మీదుగా పోయేవాళ్లకు మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అక్కడ చేతిలో టైము ఎక్కువ పెట్టుకోవాలి, అమెరికాలో దిగినాక లోకల్ ఫ్లైటు దిగినట్టే.

టికెట్టు తీసేటప్పుడు అమెరికాలో రెండు ఫ్లైట్ల మధ్య గంటన్నర ఉన్నది చవకని తీసుకోవద్దని నేను గట్టిగా చెప్తా. మూడు గంటలకు తక్కువ పెద్దవాళ్లకు వద్దు. ఇమిగ్రేషన్ క్యూ ఒక్కటే గంట, రెండు గంటలు తినేస్తుంది. తర్వాత చికాగోలో ఫారిన్ ఫ్లైట్లు ఎక్కువగా వచ్చే టెర్మినల్ 5 నుంచి మిగతా టెర్మినల్స్‌కు రైల్లో పోవాలి. డాలస్‌లో దిగేది టెర్మినల్ డీలో, ఎక్కేది ఏలోనో సీలోనో కావచ్చు, అక్కడా రైలుంది.

ఆఫీసరు ముందు భయం వద్దు. ఎవరి దగ్గరికి వచ్చినారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్టు ఉందా, ఇంతే ఎక్కువగా అడిగేది. ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే “తెలుగు” అన్న ఒక్కమాట చాలు, ఫోన్లోనో మనిషి ద్వారానో తర్జుమా చేయిస్తారు. రాని ఇంగ్లీషులో ఎస్, ఎస్ అని తలూపడమే ఇబ్బందులు తెచ్చేది. అడిగింది అర్థం కాకపోయినా ఎస్ అన్నవాళ్లను పక్కగదిలో కూర్చోబెట్టి మళ్లీ మొదటినుంచి అడుగుతారు.

ఇక సంచిలో ఏముందన్నది. కూతురు అడిగిందని పచ్చి కరివేపాకు కాగితంలో చుట్టి చీరల మధ్య పెడతారు మన అమ్మలు. అమెరికాలోకి పచ్చి కరివేపాకు రానివ్వరు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది, అందుకు. పండ్లు, మాంసం, నాటుకోడి పచ్చడి, నాటే విత్తనాలు కూడా వద్దు. చెనక్కాయల పొడి, కారప్పొడి, మామిడి ఊరగాయ, రాగిపిండికి సాధారణంగా ఇబ్బంది లేదు. తినేవి ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. చెప్పి చూపిస్తే, కూడనిది ఉంటే తీసి పారేస్తారు, అక్కడితో సరి. లేదని చెప్పినాక దొరికితే జరిమానా.

“గసగసాలకు పట్టుకుంటారా అన్నా?”

పట్టుకుంటారు. మనింట్లో కోడికూరకు నూరే గసగసాలు యూఏఈలో నిషేధం. సౌదీ, కువైట్, ఖతార్‌కు కూడా పెట్టుకుని పోవద్దు. అది గసాల మొక్క గింజ, నల్లమందు వచ్చేది ఆ మొక్క కాయ నుంచే. మసాలాపొడి ఇంట్లో కొట్టి ఇస్తారు కదా, అందులో కూడా గసగసాలు లేకుండా కొట్టమని చెప్పండి. ఇంకొకటి, మందులు. ట్రమడాల్ నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు యూఏఈకి ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. షుగరు, బీపీ మాత్రలు వాటి అట్టల్లోనే ఉంచి, డాక్టరు చీటీతో చేతిసంచిలో పెట్టుకోండి. విడిగా డబ్బాలో పోసుకుపోవద్దు. పక్కింటివాళ్లు వాళ్ల బంధువుకిమ్మని ఇచ్చిన ప్యాకెట్టును విప్పి చూడకుండా సంచిలో పెట్టొద్దు. మొహమాటానికి పెట్టుకున్నవాళ్లు జైల్లో కూర్చున్నారు. ఇది నేను చేతులు పట్టుకుని చెప్పే మాట.

సెక్యూరిటీలో ఆపితే

నెయ్యి, ఊరగాయ, పెరుగు, తలనూనె అన్నీ వాళ్ల లెక్కలో ద్రవాలే. చేతిసంచిలో ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లు మించకూడదు. మిగతావి పెద్ద సంచిలో. పవర్ బ్యాంకు దీనికి తిరగేసి, చేతిసంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ దాకా ఇబ్బంది లేదు, విమానంలో వాడనివ్వని కంపెనీలు మాత్రం ఉన్నాయి. ఎండుకొబ్బరి పెద్ద సంచిలో పెట్టనివ్వరు, నూనె ఉంది కాబట్టి నిప్పంటుకుంటుందని.

“వైఫై కలిసింది, వాట్సాప్ కాల్ కలవడం లేదు”

ఫోన్ చెడిపోలేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు. మెసేజ్, వాయిస్ మెసేజ్ పోతాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి, లేకపోతే కాల్ రాలేదని ఇక్కడ అమ్మ అన్నం ముట్టదు. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో వైఫైకి ఓటీపీ అడుగుతుంది, మన సిమ్ముకు రాదు. సమాచారం కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించి కోడ్ అడగండి. టికెట్టు, వీసా, అవతలివాళ్ల నంబరు ఫోన్లో ఉన్నాయిలే అనుకోవద్దు. చార్జింగ్ అయిపోతే అన్నీ పోతాయి. నేను పెద్దవాళ్లకు ఒక అట్టముక్క ఇస్తా. పెళ్లి శుభలేఖ వెనక తెల్లగా ఉంటుంది కదా, దాని మీద స్కెచ్‌పెన్నుతో వేలెడంత అక్షరాల్లో రెండు ఫ్లైట్ల నంబర్లు, దిగాల్సిన ఊరు, కొడుకు నంబరు దేశం కోడ్‌తో సహా ఇంగ్లీషులో రాసి, దారం కట్టి మెడలో వేసుకునేలా చేస్తా. అద్దాలు లేకపోయినా ఎదుటివాళ్లు చదువుతారు.

ఒంటరిగా పోయే ముసలివాళ్లకు వీల్‌చైర్ అడగండి. కనీసం 48 గంటల ముందు టికెట్టులో రాయించాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడి వద్దంటారు. రెండు కిలోమీటర్లు నడవాల్సి వస్తుందని తెలియక వద్దంటున్నారు. ఒకటే జాగ్రత్త: మధ్య ఎయిర్‌పోర్టులో కుర్చీలో కూర్చోబెట్టి, వస్తానని చెప్పి పోతారు. గేటు మూసే టైము దగ్గరపడుతున్నా రాకపోతే ఊరకే కూర్చోవద్దు, అటు పోయే యూనిఫాం మనిషికి అట్టముక్క చూపించాలి.

“మొదటి ఫ్లైటు లేటు, రెండోది పోయింది”

ముందు చూడాల్సింది రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్టా, వేరువేరా అని. ఒకే బుకింగ్ అయితే తర్వాతి ఫ్లైటులో ఎక్కించాల్సిన బాధ్యత కంపెనీది. ట్రాన్స్‌ఫర్ డెస్కు దగ్గరికి పోయి పాస్ ఇచ్చి నిలబడండి. చాలాసేపు ఆగాల్సి వస్తే భోజనం కూపన్, హోటల్ సంగతి అడగండి. అడగనివాళ్లకు ఇవ్వకపోవచ్చు. 2009లో నేను ఆ తొమ్మిది గంటలూ ఆకలితో కూర్చున్నా. కొత్త పాస్ చేతికి రాగానే సంచులు కూడా అదే ఫ్లైటులో వస్తాయా అని ట్యాగ్ చూపించి అడగాలి.

వేరువేరు టికెట్లయితే రెండో కంపెనీకి మీ లేటుతో సంబంధం లేదు, కొత్త టికెట్టు కొనుక్కోవాలి. సంచులు కూడా మధ్యలోనే దిగిపోతాయి, వాటిని తెచ్చుకోవాలంటే ఆ దేశంలోకి పోవాలి, దానికి వీసా కావాలి. నాలుగైదు వేలు మిగులుతాయని ఇట్ల ముక్కలుగా తీసుకోవద్దని నేను ప్రతివాళ్లతో వాదిస్తా. పైగా కొన్ని దేశాల్లో లోపల మారడానికే ట్రాన్సిట్ వీసా అడుగుతారు, ఆ రూళ్లు మారుతూ ఉంటాయి. టికెట్టు తీయకముందే ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్లో చూసుకోవాలి.

ఇమిగ్రేషన్‌లో మన దగ్గరే ఆపితే

పది పాసవని వాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ ఉంటుంది, అంటే పనికి పోయేముందు ప్రభుత్వం అనుమతి కావాలన్న గుర్తు. వాళ్లు పనికోసం గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లో అనుమతి తీసుకుని ఉండాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి, అడిగితే చుట్టాల దగ్గరికి పోతున్నానని చెప్పు అంటాడు. వద్దమ్మా, వద్దు నాయనా. ఇక్కడ ఆపితే టికెట్టు డబ్బులే పోతాయి. అక్కడికి పోయినాక జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, కాగితాల్లో మీరు పనికి వచ్చినవాళ్లే కాదు. రిజిస్టర్ అయిన ఏజెంటేనా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడొచ్చు, నా షాపుకు వస్తే డబ్బు తీసుకోకుండా చూసి చెప్తా.

“సంచి రాలేదు”

బెల్టు ఆగేదాకా ఉండి, అప్పటికీ రాకపోతే బయటికి పోవద్దు. ఆ హాల్లోనే బ్యాగేజీ కౌంటర్ ఉంటుంది, అక్కడ పీఐఆర్ అనే కాగితం, అంటే సంచి రాలేదన్న ఫిర్యాదు, రాయించుకోవాలి. చెకిన్‌లో ఇచ్చిన ట్యాగ్ ముక్క అప్పుడు కావాలి, అందుకే దాన్ని పాస్‌పోర్టు అట్టకు అంటించుకోండి. సంచి పగిలి వస్తే 7 రోజుల్లో, లేటుగా వస్తే అది చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క, పరిహారం అడగొచ్చు. అన్నీ నల్ల సంచులే ఉంటాయి కాబట్టి మా అమ్మ పాత చీర జరీ అంచు చించి పిడికి కడుతుంది. అంత దూరం నుంచి కనపడుతుంది.

“బయటికి వచ్చినాం, అల్లుడు కనపడలేదు”

ఒకే ఎయిర్‌పోర్టులో నాలుగైదు టెర్మినల్స్, ఒక్కోదానికి ఐదారు తలుపులు. ఆయన ఒక తలుపు దగ్గర, మీరు ఇంకో తలుపు దగ్గర, ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే గంటైనా కలవరు. మీరు తిరగొద్దు. తలుపు పైన, లేదా పక్క స్తంభం మీద ఒక నంబరు రాసి ఉంటుంది. వైఫై అందితే దాన్ని ఫొటో తీసి పంపండి, అందకపోతే ఎవరినైనా ఒక కాల్ చేయమని అట్టముక్క చూపించండి. టాక్సీ కావాలా అని దగ్గరికొచ్చేవాళ్లకు సంచి ఇవ్వొద్దు. మంచినీళ్లు తాగి ఆ స్తంభం దగ్గరే కూర్చోండి. వెతుక్కుంటూ రావాల్సింది వాళ్లు.